వంతెనకు అటూ ఇటూ

ఎస్తేరు రాణి పిల్లల్ని అడిగే ప్రశ్నలు మూడే. ఇంట్లో ఎలా తిరుగుతున్నావు? బళ్ళో ఎలా తిరుగుతున్నావు? వీధిలో ఎలా తిరుగుతున్నావు? తల్లిదండ్రులు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నేనడిగింది పాపని" అంటుంది. డాక్టరు ఎదట నాలుగడుగులు వేసి చప్పట్లు కొట్టించుకున్న పిల్ల, ఇంటికెళ్ళాక వంటింట్లోకి పాకుతూ వెళ్తే, ఎస్తేరు దృష్టిలో ఆ పిల్ల పాకుతున్నట్టే.

మెదడు దెబ్బతిని కండరాలు బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు రోజువారీ బతుకులో ఎంతవరకు కదలగలుగుతున్నారో అంచనా కట్టడం ఆమె పని. కాకినాడలో సముద్రానికి ఎదురుగా ఉన్న నాడీ పరిశోధన కేంద్రంలో ఆమె ఫిజియోథెరపిస్టు. పావని మొదటిసారి అక్కడికి వచ్చినప్పుడు తండ్రి వీపు మీద ఉంది. పదకొండేళ్ళ పిల్ల. కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఇంట్లో పాకుతాను. బళ్ళో వాకరు," అంది పావని. "వీధిలో నాన్న."

"నాన్న అంటే?"

"నాన్న వీపు. దానికి బ్రేకులుండవు. జాగర్తగా పట్టుకోవాలి."

తండ్రి నూకరాజు ఆర్టీసీ డిపోలో మెకానిక్. కూతురి మాటకి నవ్వబోయి మానేశాడు. వెనకాల తల్లి భూలక్ష్మి నించుంది, ఆమె చెయ్యి పట్టుకుని ఇంకో పావని. అదే మొహం, అదే నుదురు, అదే రెండు జడలు. కాళ్ళు మాత్రం వేరు. ఆ పిల్ల ఒక చోట నిలవడం లేదు. గోడకున్న బొమ్మ దగ్గరికి ఒకసారి, కిటికీ దగ్గరికి ఒకసారి గెంతుతోంది. ఆమె లావణ్య. కవల. కడుపులోంచి లావణ్య ముందు వచ్చింది. పావని ఆలస్యంగా వచ్చింది, ఊపిరి ఇంకా ఆలస్యంగా తీసుకుంది. తేడా అంతే. ఇంట్లో ఒకరినొకరు 'లావు', 'పావు' అని పిలుచుకుంటారు.

వాళ్ళని పిలిపించింది డాక్టర్ ముక్తేశ్వర్. అతనికి కావలసింది సరిగ్గా ఇలాంటి కవలలే. ఒకే పోలిక, ఒకే ఎత్తు, ఒకరికి నడక ఉండాలి, ఒకరికి ఉండకూడదు. అతను తయారుచేసిన యంత్రానికి వంతెన అని పేరు పెట్టుకున్నాడు.

"నడకంటే కాళ్ళలో ఉండేది కాదమ్మా, మెదడులో ఉండే ఒక లయ," అన్నాడు భూలక్ష్మితో. "పావని మెదడుకి ఆ లయ ఎప్పుడూ వినపడలేదు. లావణ్య మెదడులో అది మోగుతూనే ఉంది. మనం దాన్ని పావనికి వినిపిస్తాం. రోజూ వినిపిస్తే అదే నేర్చుకుంటుంది."

"మరి దీనికేం కాదు కదండీ?" లావణ్యని దగ్గరికి లాక్కుంది భూలక్ష్మి.

"ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తాం. మొదటి దీపంలో నూనె తగ్గుతుందా?"

తగ్గదు కదా అని భూలక్ష్మి అనుకుంది. ఇంకేమీ అడగలేదు. ఆమె పదకొండేళ్ళుగా అడగని దేవుడు లేడు, ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. ఇంత సులువుగా అర్థమయ్యేలా చెప్పినవాడు ఇతనొక్కడే.

*

పిల్లలిద్దరి తలలకీ తీగలల్లిన టోపీలు తొడిగారు. మెదడుని తడిమట్టిలా మెత్తబరిచే మందు ఇద్దరి ముక్కుల్లోనూ వేశారు. పావనిని పట్టీలతో పైకి కట్టి, పాదాలు ట్రెడ్‌మిల్ మీద ఆనీ ఆననట్టు వేలాడదీశారు. లావణ్య ఆమె వెనకాల ఇంకో ట్రెడ్‌మిల్ మీద నడవసాగింది.

మొదట్లో ఏమీ జరగలేదు. పావని కాళ్ళు తాళ్ళకి కట్టిన కట్టెల్లా ఊగాయి. కొన్నాళ్ళకి ఒక ఉదయం ఎస్తేరు మోకాళ్ళ మీద కూర్చుని చూస్తుండగా, పావని కుడి మడమ కిందికి దిగింది. పుట్టినప్పటినుంచి మునివేళ్ళ మీదే నిలబడిన కాలు అది. మడమ బెల్టుకి ఆనింది, జారింది, మళ్ళీ ఆనింది.

"మేడం," అంది పావని గుసగుసగా, గట్టిగా మాట్లాడితే పోతుందేమోనన్నట్టు. "లావు నా కాళ్ళలోకొచ్చి కూర్చుంది."

వెనక నుంచి లావణ్య, "కూర్చోలేదే, నడుత్తన్నాను," అంది.

గదిలో అందరూ నవ్వారు. భూలక్ష్మి మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తింది.

ఎండాకాలం సెలవులు అయిపోయేసరికి జగన్నాథపురంలో వాళ్ళ ఇంట్లో పావని గోడ పట్టుకోకుండా తిరుగుతోంది. ఒకరోజు భూలక్ష్మి మిషను మీద జాకెట్టు కుడుతుంటే పక్కనే నీళ్ళ గ్లాసు కనిపించింది. ఎవరు పెట్టారా అని తలెత్తితే పావని నించుని ఉంది. రెండు చేతులూ ఖాళీగా, ఊగుతూ, నించుని ఉంది.

"తాగమ్మా. సగం దార్లో ఒలికిపోయింది గానీ," అంది.

ఆ నీళ్ళు భూలక్ష్మి తాగలేదు. సాయంత్రం నూకరాజు డ్యూటీ దిగి వచ్చేదాకా ఆ గ్లాసు అలాగే ఉంచింది. అతను చూసి, అర్థంకాక, తర్వాత అర్థమై, ఆ నీళ్ళు రెండు గుటకల్లో తాగి గుమ్మంలో కూలబడ్డాడు.

తర్వాత బడిలో వాకరు పోయి చేతికర్ర వచ్చింది. వీధిలో మాత్రం పావని ఒక్కతే వెళ్ళలేదు. లావణ్య భుజం మీద చెయ్యి వేసి పక్కనే నడిచేది. అక్కచెల్లెళ్ళంటే వీళ్ళమ్మా అని వీధివాళ్ళు మురిసిపోయేవాళ్ళు.

అదే రోజుల్లో లావణ్య బడి ఖోఖో జట్టులోంచి పోయింది. మాస్టారు పేరు తీసేశారని చెప్పింది. ఎందుకంటే, "ఏమో," అంది. భూలక్ష్మి రాగిజావ కాచి పట్టించింది. బలం మందు కొనుక్కొచ్చింది. ఒకసారి పిల్ల డాబా మెట్లు దిగుతూ ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ కలిపి పెట్టడం చూసింది. చూసి మిషను దగ్గరికి వెళ్ళిపోయి, కుడుతున్నది మళ్ళీ విప్పి మళ్ళీ కుట్టింది. ఎదిగే వయసు, నీరసం, అంతే అని తనకి తాను చెప్పుకుంది. ఆ మాట నూకరాజుకి కూడా చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుంది.

*

ఎస్తేరు చూసింది బూట్లని. గది బయట పిల్లలు విడిచిన రెండు జతలున్నాయి. కాన్వాస్ బూట్ల జతలో కుడిదాని కొన అరిగి, లోపలి గుడ్డ బయటపడింది. కాలు ఈడ్చే పిల్లల బూట్లు అక్కడే అరుగుతాయి. పావనివే అనుకుని చేతిలోకి తీసుకుంది. కానీ పావనివి కాళ్ళకి ఊతంగా బిగించే బ్రేసులు పట్టే వెడల్పాటి బూట్లు, అవి పక్కన ఉన్నాయి. చేతిలో ఉన్నవి లావణ్యవి.

ఆ రోజు పావని అంచనా అయ్యాక ఎస్తేరు కుర్చీ ఇటు తిప్పింది. "లావణ్యా, నువ్వు చెప్పమ్మా. ఇంట్లో ఎలా తిరుగుతున్నావు?"

లావణ్య తల్లి వంక చూసింది. "నేనా? మామూలుగానే మేడం."

"బళ్ళో?"

"మామూలుగానే."

"వీధిలో?"

లావణ్య బదులు పావని చెప్పింది. "వీధిలో నన్ను పట్టుకుంటది మేడం. అందరూ నేను దాని మీద ఆనుకున్నాననుకుంటారు. అదే నా మీద ఆనుకుంటది. బరువు నాకు తెలుత్తది."

"అబద్ధం," అంది లావణ్య.

"అయితే ఒకసారి ఆ చివరిదాకా నడిచి రా తల్లీ. చెప్పుల్లేకుండా," అంది ఎస్తేరు.

భూలక్ష్మి లేచింది. "ఎందుకండీ, దానికి ఒంట్లో బాలేదు మేడంగారూ. రాత్రి జ్వరం..."

కానీ లావణ్య అప్పటికే వరండాలోకి వెళ్ళింది. తలెత్తుకుని నడిచింది. మొదట బాగానే నడిచింది. సగం దూరం వెళ్ళాక కుడి మడమ లేచిపోయింది. మోకాళ్ళు లోపలికి వాలి ఒకదానికొకటి రాసుకున్నాయి. పడిపోకుండా ఎడమ చెయ్యి మడిచి ఛాతీకి దగ్గరగా తెచ్చుకుంది. తిరిగి వస్తూ ఆమె నేల వంక చూడలేదు, తల్లి మొహం వంకే చూస్తూ వచ్చింది.

పావని కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. ఇదివరకు తిరిగిన ఆసుపత్రుల్లో, థెరపీ గది అద్దాల్లో కొన్నేళ్ళుగా తను చూస్తూ వచ్చింది అదే.

"అమ్మా," అంది. "అది నా నడక."

*

డాక్టర్ ముక్తేశ్వర్ రెండు రోజులు పరీక్షలు చేశాడు. తర్వాత తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, ఎస్తేరు పక్కన ఉండగా చెప్పాడు. మాట తడబడకుండా చెప్పడానికి బల్ల అంచు పట్టుకున్నాడు.

"వంతెన మీద ఒకవైపే బళ్ళు నడుస్తాయనుకున్నాను. లావణ్య లయ పావనికి వెళ్తుంటే, పావని మెదడులో ఉన్న బిగుతు లావణ్యకి వస్తోంది. మందు ఇద్దరికీ ఇచ్చాం. ఇద్దరి మెదళ్ళూ మెత్తగా ఉన్నాయి. ఎటు నుంచి ఏది వచ్చినా అచ్చు పడుతుంది."

"నూనె తగ్గదన్నారు కదండీ," అంది భూలక్ష్మి.

"అన్నాను. పొరపాటు పడ్డాను."

"ఇప్పుడేంటి మరి?" అన్నాడు నూకరాజు.

"ఇప్పుడు ఆపేస్తే లావణ్య చాలావరకు కోలుకోవచ్చు. పూర్తిగా అని చెప్పలేను. పావనికి వచ్చింది ఇంకా గట్టిపడలేదు. అది పోతుంది."

"ఎంత పోద్దండీ?"

"మొత్తం."

"ఆపకపోతే?"

డాక్టర్ ఎస్తేరు వంక చూశాడు. ఎస్తేరు చెప్పింది. "ఇంకొన్ని విడతలు చేస్తే పావని నడక స్థిరపడిపోతుంది భూలక్ష్మిగారూ. లావణ్యకొచ్చింది కూడా."

భూలక్ష్మి చాలాసేపు తన వేళ్ళకున్న సూది గుచ్చుళ్ళు చూసుకుంది. తలెత్తినప్పుడు ఆమె కళ్ళలో వెలుగు చూసి ఎస్తేరుకి భయమేసింది.

"ముందు పావనిది పూర్తి చేసేయండి. అయిపోయాక మళ్ళీ ఇటు నించి అటు పంపుదాం. దాని కాళ్ళు దానికి ఇచ్చేద్దాం. అప్పుడిద్దరికీ ఉంటది కదండీ!"

"ఇస్తే పావని మళ్ళీ పోగొట్టుకుంటుందమ్మా," అన్నాడు డాక్టర్.

"అయితే నావి తీసుకోండి. నేను నడుత్తాను, దానికి పంపండి. కూర్చుని కుట్టుకునేదాన్ని నాకు కాళ్ళెందుకు?"

"పెద్దవాళ్ళ లయ పిల్లల ఒంటికి పట్టదు. ప్రయత్నించి చూశాం."

నూకరాజు లేచి బయటికి వెళ్ళి కుళాయి కింద తల పెట్టాడు. ఎంతసేపు పెట్టాడో, చొక్కా అంతా తడిసిపోయింది.

ఇంట్లో ఆ వారమంతా పొయ్యి మీద అన్నం మాడుతూనే ఉంది. "ఆపేద్దాం," అని నూకరాజు ఒకసారి అన్నాడు. "అయితే రేపు అది మళ్ళీ పాకుతుంటే దాని మొహం చూసి నువ్వే చెప్పు, మేమే లాక్కున్నామని," అంది భూలక్ష్మి. ఏకవచనంలో మొగుణ్ణి ఆమె అంతకుముందెప్పుడూ పిలవలేదు. ఇద్దరు కూతుళ్ళలో ఒకరిని ఎంచుకోమంటే ఏ తండ్రి ఎంచుకుంటాడు? తను ఎంచుకోకపోతే భార్య ఎంచుకుంటుందని అతనికి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు.

పిల్లలు గదిలో వింటూనే ఉన్నారు.

"అమ్మ చెప్పినట్టు చేద్దామే పావూ," అంది లావణ్య. "నేను ఇన్నేళ్ళు పరిగెత్తాను. చెట్లెక్కాను. నీకు ఇప్పుడే వచ్చింది. ఉంచుకో."

"నీకు ఖోఖో?"

"నువ్వాడు. మొహం ఒకటేగా, మాస్టారు గుర్తుపట్టరు."

పావని నవ్వలేదు. దుప్పటి కిందనుంచి చెయ్యి చాపి అక్క కుడి పాదం తడిమింది. పిక్క రాయిలా బిగుసుకుని ఉంది. రాత్రుళ్ళు ఆ బిగుతు ఎలా లాగుతుందో, ఎముకలోంచి ఎవరో తాడు మెలేస్తున్నట్టు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో తెలిసినది తనొక్కతే. లేచి కూర్చుని ఆ పిక్కని పిసకసాగింది.

"నొప్పేత్తందా?"

"కొంచెం."

"అబద్ధాలాడకు. నాకు తెలీదా?"

*

భూలక్ష్మి డాక్టర్ కాళ్ళ మీద పడింది. కేంద్రం మెట్ల మీద, అందరూ చూస్తుండగా, నుదురు నేలకి ఆనించి లేవనంది. కాగితాలు ఏవైనా సంతకం పెడతానంది. ముక్తేశ్వర్ చెడ్డవాడు కాదు. కానీ సగం కట్టిన వంతెనని చేతులారా కూల్చుకోవడం అతనికీ కష్టంగానే ఉంది. చివరికి, "మందు తగ్గించి ఒక్క విడత. లావణ్యలో మార్పు కనిపించిన క్షణం ఆపేస్తాను," అన్నాడు.

"మార్పు కనిపించిందని మనందరికీ తెలుసు సార్," అంది ఎస్తేరు. "నేను పావనిని ఈరోజు అంచనా కట్టను. ఎవరి నడకకని మార్కులెయ్యను?"

"మీరు లేకపోయినా జరుగుతుంది మేడం. ఉంటే పిల్లలకి ధైర్యం."

ఆమె ఉండిపోయింది.

టోపీలు తొడిగారు. మందు ఇంకా వెయ్యలేదు. పావనికి పట్టీలు బిగిస్తుంటే, "బాత్రూంకెళ్ళాలి," అంది. పట్టీలు విప్పారు. కర్ర అందించబోతే వద్దంది. నర్సు వెంట రాబోతే, "నేనెళ్ళగలను," అంది. వెళ్ళగలదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

బాత్రూం ఎడమవైపు. పావని తిన్నగా వెళ్ళింది.

వరండా దాటి, ర్యాంపు దిగి, గేటు దాటుతుండగా ఎస్తేరు కిటికీలోంచి చూసింది. పరిగెత్తుకుంటూ బయటికి వచ్చింది. పిలవడానికి నోరు తెరిచింది. పిల్ల నడక చూసి ఆ పిలుపు గొంతులోనే ఉండిపోయింది. రెండు మడమలూ నేలకి ఆనుతున్నాయి. చేతులు ఒంటి పక్కన తేలిగ్గా ఊగుతున్నాయి. తీగలు వేలాడుతున్న టోపీతో, ఎవరి భుజమూ లేకుండా, ఎండలో ఆ పిల్ల బీచి రోడ్డు మీద నడుస్తోంది. అది లావణ్య నడక. ఆ యంత్రానికి దూరంగా, సముద్రం వైపు వెళ్తోందని ఎస్తేరుకి అర్థమైంది. ఎదురుగా వస్తున్న లారీకి రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపింది. పావని రోడ్డు దాటింది.

ఇసుకలో దిగాక పడిపోయింది. లేవడానికి ప్రయత్నించలేదు. వలలు బాగుచేసుకుంటున్న మనుషులు లేచి వచ్చారు. భూలక్ష్మి జుట్టు ఊడిపోయి, రొప్పుతూ వచ్చి కూతురి రెక్క పట్టుకుని లాగింది.

"లే! డాక్టరుగారు ఎదురు చూత్తన్నారు. లేవే!"

"రాను."

"నీ కోసమేనే! నీ కోసం నేను... ఆ పిల్లని..." చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టబోయి ఆ చెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకుంది. "నీకు నడవాలని లేదా?"

"ఉందమ్మా." అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. "చాలా ఉంది. ఇప్పుడొచ్చానా, ఎంత బాగుందో తెలుసా? కానీ ఇది దానిది. నాకు వద్దు. మళ్ళీ టోపీ పెడితే నేను నడవను, కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాను. పట్టీలు కట్టినా ముడుచుకుంటాను. నాకు ముడుచుకోవడం బాగా వచ్చు."

నూకరాజు వచ్చాడు. ఇసుకలో వంగి వీపు చూపించాడు. పావని ఎక్కింది.

*

వంతెన గదికి తాళం పడింది. ఎక్కడ పొరపాటు జరిగిందో ముక్తేశ్వర్ పైవాళ్ళకి దాచకుండా రాసి పంపాడని ఎస్తేరు విన్నది. ఆ తర్వాత అతను పిల్లలు నడిచిన వరండాలో నడవడం ఆమె చూడలేదు, వెనక మెట్ల వైపు నుంచి వెళ్ళేవాడు.

పావనికి వచ్చింది వచ్చిన దారినే వెనక్కి పోయింది. ముందు వీధి పోయింది. తర్వాత బడిలో కర్ర పోయి వాకరు వచ్చింది. ఒక పొద్దున మంచం దిగబోతే కుడి మడమ నేలకి దిగలేదు. భూలక్ష్మి నేల మీద కూర్చుని రెండు చేతులతో ఆ మడమని కిందికి నొక్కింది. నొక్కుతూనే ఉంది, పిల్ల "అమ్మా, నొప్పి" అన్నా వినపడనట్టు. నూకరాజు వచ్చి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించాడు.

లావణ్య కొంత కోలుకుంది. ఇంట్లో బాగానే తిరిగేది. బడికి వెళ్ళేటప్పుడు కుడికాలు ఈడ్చేది. అలిసిపోతే మోకాళ్ళు మళ్ళీ లోపలికి వాలేవి. ఇక అంతకంటే మారదేమో అని ఎస్తేరు చెప్పినప్పుడు భూలక్ష్మి తలూపింది. ఆ రోజునుంచి ఆమె లావణ్య మొహంలోకి చూసి మాట్లాడటం మానేసింది. కంచంలో ఎక్కువ కూర వేసేది. జడ మెల్లగా వేసేది. కళ్ళలోకి మాత్రం చూసేది కాదు.

తుఫాను వానలు మొదలయ్యాక బడి వరండాలో లావణ్య జారి పడింది. గడ్డం చీలి కుట్లు పడ్డాయి. పిల్లలంతా చూశారు. ఇక బడికి వెళ్ళనంది. గుమ్మం దాటనంది. మంచం మీదే గోడవైపు తిరిగి పడుకుంది.

ఎస్తేరు చూడటానికి వచ్చేసరికి ముందుగది నిండా బొంతలు పరిచి ఉన్నాయి. పావని వాకరు పట్టుకుని నడిమధ్య నించుంది. ఎదురుగా లావణ్య, గడ్డానికి కట్టుతో, గోడకి అతుక్కుపోయి ఉంది.

"దీనికి పడటం రాదు మేడం," అంది పావని విసుగ్గా. "ఎప్పుడూ పడలేదుగా. కర్రలా పడతది. అందుకే గడ్డం పగిలింది."

"నాకు భయమేత్తంది," అంది లావణ్య.

"ఎయ్యనీ. గడ్డం గుండెకి ఆనించు. చేతులు చాపకు, మణికట్టు పోద్ది. పడబోతన్నావని తెలియగానే ఒంట్లో బిగుతంతా వదిలేసి పక్కకి వాలిపో. ఆపడానికి చూడకు. ఆపాలని చూత్తేనే దెబ్బ తగులుద్ది."

వంటింటి గుమ్మంలో భూలక్ష్మి చేతిలో గరిటెతో నించుని ఉంది.

లావణ్య గోడ వదిలింది. కాసేపు ఊగింది. కళ్ళు మూసుకుని పక్కకి వాలిపోయింది. మెత్తగా, చప్పుడు లేకుండా బొంత మీద పడింది. దెబ్బ తగల్లేదు. అయినా లేవలేదు. మొహం బొంతలో దాచుకుని, ఇన్నాళ్ళూ ఎవరి ముందూ ఏడవనిది, భుజాలు అదిరిపోయేలా ఏడ్చింది.

పావని వాకరు వదిలేసింది. ఆమె పడటం ఎలా ఉంటుందంటే, పడినట్టే ఉండదు, నీళ్ళలోకి దిగినట్టు ఉంటుంది. అక్క పక్కన ఒదిగి పడుకుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

భూలక్ష్మి గరిటె పడేసి వచ్చింది. వాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులూ చాపి లావణ్య మొహం తనవైపు తిప్పుకుంది. తడిసిన ఆ కళ్ళలోకి ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి సూటిగా చూసింది. చంకల కింద చేతులు వేసి పైకెత్తబోయింది.

"లేపకమ్మా," అంది పావని. "అదే లేత్తది. లేవడం కూడా నేర్పాలి దానికి."